ఏంజెల్ ట్రంపెట్: గుర్తుపట్టడం, పెంచడం, జాగ్రత్తపడటం

[దృశ్యం: సాయంకాలం. గుబురు ఆకుల కింద వేలాడుతున్న పొడవాటి లేత పసుపు పూలు.]

పగటిపూట ఈ మొక్క పక్కనుంచి నడిచినా పెద్దగా వాసన తెలియదు. పొద్దు వాలిందంటే మాత్రం గుప్పుమంటుంది. ఆ పరిమళం మనకోసం కాదులెండి, చీకటి పడ్డాక తేనె కోసం తిరిగే చిమ్మటలైన హాక్ మాత్‌ల కోసం. శాస్త్రీయ నామం బ్రగ్మాన్సియా. నర్సరీలో అయితే ఏంజెల్ ట్రంపెట్ అని అడగాలి. వేరు నుంచి గింజ దాకా ఒంటినిండా విషమే.

చాలామంది దీన్ని చూడగానే ఉమ్మెత్త అనేస్తారు. వాళ్లని తప్పుపట్టలేం. 1753లో, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడే దీన్ని ఉమ్మెత్తల్లో కలిపేశాడు. 1805లో పెర్సూన్ అనే వృక్షశాస్త్రవేత్త విడదీసి వేరే ప్రజాతిగా పెట్టినా, ఆ పంచాయితీ ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

[క్లోజప్: ఒక పక్క ఉమ్మెత్త, ఇంకో పక్క ఏంజెల్ ట్రంపెట్.]

ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, లేదా పక్కకి. ఇది తల వాల్చేస్తుంది, కొన్ని రకాల్లో నిట్టనిలువుగా కిందికే వేలాడుతుంది. పూలు లేని రోజుల్లో కాయ చూడండి. ఉమ్మెత్త కాయకి ముళ్లో బొడిపెలో ఉంటాయి, ముదిరాక పగిలి గింజలు రాలుస్తుంది. దీని కాయ నున్నగా ఉంటుంది, దానంతటది పగలదు. కాయ కూడా లేదా? కాండం మొదలు పట్టి చూడండి. ఉమ్మెత్త మెత్తటి మొక్క, ఇది కర్ర కట్టి చిన్నపాటి చెట్టవుతుంది.

దీని సొంతూరు దక్షిణ అమెరికా. మొత్తం ఏడు జాతులు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్క ప్రకారం ఏడూ అడవిలో అంతరించిపోయినవే. ఇవాళ మనం చూసేదంతా మనుషులు నాటి కాపాడుకున్నది. ఇంత తేలిగ్గా బతికే మొక్కకి అడవిలో చోటు లేకపోవడం నాకైతే వింతగానే అనిపిస్తుంది.

[దృశ్యం: కాండం రెండుగా చీలిన చోటు. కెమెరా నెమ్మదిగా దగ్గరికి వెళ్తుంది.]

పెంచేవాళ్లకి అసలు కిటుకు ఇక్కడుంది. మొక్క మొదట ఒంటి కాండంతో నిటారుగా పెరుగుతుంది. ఒక ఎత్తుకి వచ్చాక రెండు కొమ్మలుగా, పంగలా చీలుతుంది. పూత మొదలయ్యేది ఆ చీలిక దగ్గర్నుంచే. ఆకులోనూ తేడా కనిపిస్తుంది. చీలికకి పైనున్న ఆకుని తిరగేసి చూస్తే, ఈనెకి ఒక పక్క అంచు కాడ మీదికి కాస్త కిందిదాకా దిగి ఉంటుంది, రెండో పక్క పైనే ఆగిపోతుంది. కాబట్టి త్వరగా పూలు కావాలంటే పై భాగం నుంచి కొమ్మ తీసి నాటండి. ముందు ఎత్తు పెరగాలనుకుంటే కింది భాగంలోది తీసుకోండి. ఏదైనా వేళ్లు సులువుగానే పోసుకుంటుంది.

దీనికి దాహం, ఆకలి రెండూ ఎక్కువే. పెద్ద కుండీ, నీరు నిలవని మట్టి, పెరిగే కాలంలో క్రమం తప్పకుండా ఎరువు కావాలి. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడేస్తే టెన్షన్ పడకండి, ఎండ తగ్గాక చాలాసార్లు అవే లేస్తాయి. మట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యండి. మధ్యాహ్నం కాస్త నీడ దొరికే చోటైతే ఇంకా హాయి. తెల్లదోమ, ఎర్రనల్లి దీన్ని వదలవు, వారానికోసారైనా ఆకుల అడుగు చూస్తుండాలి.

[దృశ్యం: గ్లౌజులు వేసుకున్న చేతులు కొమ్మ కత్తిరిస్తున్నాయి.]

ఇక విషం సంగతి. ఇందులో స్కోపోలమైన్, హయోసయమైన్, అట్రోపిన్ అనే విష రసాయనాలు ఉంటాయి. కడుపులోకి వెళ్తే నోరు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది, జ్వరం, కలవరింతలు, లేనివి కనబడటం, ప్రాణం పోయే స్థితి కూడా రావచ్చు. కషాయం, టీ లాంటి ప్రయోగాలు అస్సలు వద్దు. ఏ ఆకులో ఎంత విషముందో చూసి చెప్పలేం, ఒకే మొక్కలో కూడా మారుతుంటుంది. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట పెట్టకపోవడమే మేలు.

తోటపని చేసేవాళ్లకి ఎదురయ్యేది ఇంకోటుంది. కొమ్మ కత్తిరించి, అదే చేత్తో కన్ను నులుముకుంటారు. కాసేపటికి ఆ ఒక్క కంటిపాపే పెద్దదవుతుంది, దగ్గరివి మసకబారతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. డాక్టర్‌కి సంగతి చెప్పకపోతే మెదడుకి ఏమైనా అయిందేమోనని స్కానింగ్‌ల దాకా వెళ్లొచ్చు. అందుకే గ్లౌజులు తప్పనిసరి, పని కాగానే చేతులు, కత్తెర సబ్బుతో కడగాలి.

ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానమొస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోవద్దు, బలవంతంగా కక్కించొద్దు. నోట్లో మిగిలింది తీసేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వీలైతే మొక్కని ఫోన్లో ఫొటో తీసి, బ్రగ్మాన్సియా అన్న పేరుతో సహా డాక్టర్‌కి చూపించండి.