కార్గిల్ రివ్యూ కమిటీ రిపోర్టు: సైన్యం నాయకుల మాట వింటుంది, మరి నాయకులు?

నమస్తే అండి, హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి రివ్యూ సినిమాకో ఫోనుకో కాదు, ఒక ప్రభుత్వ రిపోర్టుకు. 1999లో కార్గిల్ యుద్ధం అయిపోయిన కొద్ది రోజులకే, జూలై 29న, వాజ్‌పేయి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. చైర్మన్ రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం. ఆయనతో పాటు సైన్యంలో ఉప సేనాధిపతిగా చేసి రిటైరైన లెఫ్టినెంట్ జనరల్ హజారీ, జర్నలిస్టు బి.జి. వర్గీస్, ప్రభుత్వం తరఫున సతీశ్ చంద్ర. వీళ్లు ఇచ్చిన రిపోర్టును 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. ఆ తర్వాత పుస్తకంగా కూడా వచ్చింది.

ఇరవై ఐదేళ్ల నాటి రిపోర్టు ఇప్పుడెందుకు అని అడుగుతారు. పొద్దున ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయి చూడండి, ఆర్మీ ర్యాలీ కోసం పరుగులు తీసే పిల్లలు ఎంతమంది ఉంటారో. నర్సంపేట నుంచి, పరకాల నుంచి, ములుగు నుంచి వచ్చి ఇక్కడ రూములు తీసుకుని ఉంటున్నారు. వాళ్ల నాలుగేళ్ల సర్వీసును, వాళ్ల ప్రాణాన్ని గురించి నిర్ణయం తీసుకునేది నాయకులు. ఆ నాయకులను ప్రశ్నించే దారి మన దగ్గర ఎంత ఉంది అన్నదే ఈ వీడియో.

ముందు రిపోర్టులో నాకు నచ్చింది చెప్తాను. ప్రభుత్వం వేసిన కమిటీనే, అయినా దాచుకోకుండా రాసింది. పాకిస్తాన్ చొరబాటు ప్రభుత్వానికి, సైన్యానికి, నిఘా సంస్థలకు, అందరికీ పూర్తిగా ఊహించని దెబ్బ అని తేల్చింది. ఇంకో మాట ఇంకా గట్టిది. పెద్ద ప్రజాస్వామ్య దేశాల్లో సైనిక ప్రధాన కార్యాలయాలు ప్రభుత్వ వ్యవస్థకు బయట ఉన్న దేశం బహుశా మనదొక్కటే అని రాశారు. అంటే సేనాధిపతి కార్యాలయం వేరు, రక్షణ శాఖ వేరు, మధ్యలో ఫైళ్లు తిరుగుతుండేవి. ఈ ఏర్పాటు చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ దగ్గర పనిచేసిన లార్డ్ ఇస్మే గీసింది, మౌంట్‌బాటెన్ సిఫార్సు చేసింది, జాతీయ భద్రత లోతుపాతులు అప్పటికి తెలియని మన నాయకత్వం ఒప్పుకున్నది, 52 ఏళ్లుగా పెద్దగా మారలేదు అని సూటిగా చెప్పారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పుగా పట్టుకుంటారు. "చూశావా, రాజకీయ నాయకులను తీసేసి ఆర్మీకి ఇచ్చేస్తే దేశం బాగుపడుతది" అని చాయ్ హోటల్లో కూడా వింటుంటాం. రిపోర్టు ఆ మాట అనలేదు. నేనూ అనను. రాజ్యాంగం 53వ అధికరణం సైన్యాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుస్తారు, మంత్రిమండలి లోక్‌సభకు జవాబు చెప్పాలి. అంటే చివరికి మీరూ నేనూ వేసిన ఓటు దగ్గరికి వస్తుంది. సైనికుడికి రాజకీయ సభలకు వెళ్లే హక్కు కూడా లేకుండా చట్టం కట్టడి చేసింది, అది సరైనదే. కార్గిల్‌లోనే చూడండి, నియంత్రణ రేఖ దాటొద్దు అని మంత్రివర్గం ఆదేశం ఇచ్చింది, మే 26న విమాన దాడులు మొదలైనప్పుడు కూడా అదే షరతు. కొండ కింద నుంచి పైకి ఎక్కుతూ కొట్లాడాల్సిన జవానుకు అది ఎంత భారమో చెప్పనక్కర్లేదు. 527 మంది చనిపోయారు. కానీ రెండు అణ్వాయుధ దేశాల మధ్య యుద్ధం ఎంతవరకు పోవాలి అన్నది జనరల్ తేల్చే విషయం కాదు, ఎన్నికైన వాళ్లు తేల్చాలి, దాని బరువు కూడా వాళ్లే మోయాలి. ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను.

మన తెలంగాణ వాళ్లకు ఇంకో అనుభవం ఉంది, దేశంలో చాలా ప్రాంతాలకు లేనిది. మనల్ని ఒక సైనికాధికారి నేరుగా పాలించాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి హైదరాబాద్ రాష్ట్రానికి మిలిటరీ గవర్నర్. 1949 చివరి దాకా ఆయనదే రాజ్యం. ఢిల్లీ దిగమన్నది, దిగిపోయాడు, సివిల్ అధికారి వెల్లోడి వచ్చాడు, 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. పక్క దేశాల్లో యూనిఫాం వేసుకుని కుర్చీ ఎక్కినవాళ్లు ఏళ్ల తరబడి దిగలేదు. ఇక్కడ ఏ గొడవా లేకుండా దిగాడు. ఇది నిజంగా గొప్ప విషయం.

కానీ అదే కథలో రెండో సగం కూడా ఉంది. యూనియన్ సైన్యం వచ్చినంక వరంగల్, జనగామ, ములుగు వైపు పల్లెల్లో ఏమి జరిగిందో ముసలివాళ్లు బతికున్నన్ని రోజులు చెప్పారు. కమ్యూనిస్టు దళాల కోసం గాలింపులు, మిలట్రీ క్యాంపులు, గోదావరి పక్క అడవుల్లో గూడేలను ఖాళీ చేయించడం. ఇటు మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. ఆ కమిటీ తిరిగింది, రాసింది, ఇచ్చింది. రిపోర్టు మాత్రం దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. సైన్యం నాయకుల అదుపులోనే ఉంది కదా, మరి ఆ అదుపు వల్ల పల్లెవాడికి వచ్చిన న్యాయం ఏంటి? నాయకుడే కాగితం దాచేస్తే ఇక అడిగేదెవరు?

ఇప్పుడు 1962 చైనా యుద్ధానికి రండి. అంతకు ముందే, 1959లో, సేనాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు, రక్షణ మంత్రి కృష్ణ మేనన్‌తో పడక. నెహ్రూ పిలిచి నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేసి, తర్వాత పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టారు. అలా చేశాక కింద ఉన్న అధికారులకు ఏం అర్థమవుతుంది చెప్పండి. నిజం చెప్తే ఇదీ గతి అని. ఆ తర్వాత పై పదవుల్లోకి వచ్చిన బి.ఎం. కౌల్‌కు యుద్ధంలో దళాలను నడిపిన అనుభవం తక్కువ, నెహ్రూ దగ్గర పలుకుబడి ఎక్కువ. తూర్పు సరిహద్దులో అత్యంత కష్టమైన బాధ్యత ఆయనకే ఇచ్చారు. ఫలితం దేశమంతా అనుభవించింది. నా దృష్టిలో నాయకులు సైన్యం మీద చూపే పలుకుబడిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఆదేశం ఇవ్వడంలో తప్పు లేదు. తనకు నచ్చిన మాట చెప్పేవాడిని ఏరుకుని పైన కూర్చోబెట్టడం, నచ్చని మాట చెప్పినవాడిని అవమానించడం తప్పు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఇంకో తీరు చూశాం. ఏప్రిల్‌లో యుద్ధానికి సిద్ధంగా లేమని ఇందిరాగాంధీ మంత్రివర్గం ముందే చెప్పానని అప్పటి సేనాధిపతి మానెక్‌షా తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆమె ఆగారు. డిసెంబరులో ఏమైందో అందరికీ తెలుసు.

1962 ఓటమి తర్వాత సేనాధిపతిగా ఎవరొచ్చారో తెలుసా? మన హైదరాబాద్ మిలిటరీ గవర్నర్, జె.ఎన్. చౌదరే. ఆయన హయాంలోనే హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు అధికారులు ఓటమి మీద విచారణ చేశారు. 1963లో రిపోర్టు ఇచ్చారు. అది ఈ రోజుకీ రహస్యమే. 2014లో కొంత భాగాన్ని ఒక విదేశీ జర్నలిస్టు ఇంటర్నెట్‌లో పెట్టాడు తప్ప మన ప్రభుత్వం, కాంగ్రెస్ అయినా బీజేపీ అయినా, అధికారికంగా విడుదల చేయలేదు. అరవై ఏళ్లు దాటింది. ఆ యుద్ధంలో ఉన్న జవాన్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఇంకా ఎవరి నుంచి దాస్తున్నట్టు?

అందుకే కార్గిల్ రిపోర్టుకు నేను ఇంత విలువ ఇస్తున్నాను. యుద్ధం అయిన ఏడాదిలోపే ఒక ప్రభుత్వం తన హయాంలో జరిగిన వైఫల్యం మీద కాగితం రాయించి పార్లమెంటు ముందు పెట్టింది. అది అలవాటు కావాల్సింది, కాలేదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది చనిపోయారు, వాళ్లలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆయన అంతిమయాత్రలో కన్నీళ్లు పెట్టుకున్న జనానికి చదువుకోవడానికి ఇలాంటి రిపోర్టు ఒక్కటి కూడా చేతికి రాలేదు. 2025 మేలో పాకిస్తాన్‌తో జరిగిన పోరాటంలో మన విమానాలు కూడా పోయాయన్న సంగతి మన త్రిదళాధిపతి (సీడీఎస్, అంటే మూడు దళాలను సమన్వయం చేసే అధికారి) సింగపూర్‌లో విదేశీ మీడియాతో ఒప్పుకున్నారు. పార్లమెంటులో చర్చ జూలై చివరికి గానీ రాలేదు. ఆ మాట ముందు మన సభలో చెప్పాల్సింది. నాకు ఇది చాలా బాధగా ఉంది.

ఒక పోలిక గుర్తుంచుకోండి. 1962లో యుద్ధం నడుస్తుండగానే నెహ్రూ పార్లమెంటును సమావేశపరిచారు, అడిగినవాళ్లలో వాజ్‌పేయి ఒకరు. 1999లో కార్గిల్ నడుస్తుంటే లోక్‌సభ రద్దయి ఉంది, కనీసం రాజ్యసభ పెట్టండి అని ప్రతిపక్షాలు అడిగితే, ప్రధానిగా ఉన్న అదే వాజ్‌పేయి ప్రభుత్వం పెట్టలేదు. పార్టీ ఏదైనా కుర్చీలో కూర్చున్నాక ప్రశ్న భారమైపోతుంది.

ఇక రిపోర్టులో లోపాలు. ఒకటి, ఫలానా వ్యక్తి బాధ్యుడు అని ఎవరినీ వేలెత్తి చూపలేదు. రెండు, చట్టబద్ధ అధికారం లేని కమిటీ ఇది, ఎవరినైనా రప్పించి ప్రమాణం చేయించి అడిగే శక్తి లేదు. సుబ్రహ్మణ్యం గారు అప్పటికే ప్రభుత్వ భద్రతా సలహా బోర్డులో ఉన్నారు, ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు గానీ బయటి మనిషి అయితే ఇంకా బాగుండేది. భద్రత పేరుతో కొన్ని భాగాలు తీసేశారు. అన్నిటికంటే పెద్ద వెలితి నాకు అనిపించింది ఏంటంటే, పార్లమెంటు ఏం చేయాలి అన్నది ఇందులో చాలా తక్కువ. సైన్యానికి, మంత్రికి, ఐఏఎస్ అధికారికి మధ్య సంబంధం గురించి ఎంతో రాశారు, ఎంపీ గురించి, ఓటరు గురించి రాయలేదు.

సిఫార్సులు ఏమయ్యాయి అంటే, నత్తనడక. 2001లో మంత్రుల బృందం దీన్ని చూసి త్రిదళాధిపతి పదవి పెట్టమన్నది. వాజ్‌పేయి పెట్టలేదు, పదేళ్ల యూపీఏ పెట్టలేదు. 2019 ఆగస్టు 15న మోదీ ప్రకటించారు, 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ చేరారు, రక్షణ శాఖలోనే సైనిక వ్యవహారాల విభాగం పెట్టి ఆయన్నే కార్యదర్శిని చేశారు. సైన్యం ప్రభుత్వంలోకి వచ్చింది, రిపోర్టు కోరిందీ అదే. 2021 డిసెంబరులో హెలికాప్టర్ ప్రమాదంలో రావత్ చనిపోయాక తొమ్మిది నెలలకు పైగా కుర్చీ ఖాళీ. ఆలోగా నిబంధనలు మార్చి, రిటైరైన లెఫ్టినెంట్ జనరళ్లను కూడా తీసుకోవచ్చు అన్నారు. ఎంపిక చేసుకునే వెసులుబాటు నాయకుల చేతికి ఇంత ఎక్కువ వచ్చినప్పుడు ఆ ఎంపిక మీద ఎవరైనా కన్నేసి ఉంచాలి కదా. మన దగ్గర ఆ కన్ను లేదు. విడిగా రక్షణ మంత్రి లేని కాలం కూడా చూశాం, మన వంగర పీవీ గారు ప్రధానిగా ఉన్నప్పుడు 1993 నుంచి రక్షణ శాఖను తన దగ్గరే పెట్టుకున్నారు. మనవాడని నేను వదిలిపెట్టను, అది మంచి పద్ధతి కాదు.

సైన్యాన్ని ఎన్నికల్లో వాడుకోవడం వేరే జబ్బు. 2019లో జవాన్ల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం పార్టీలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. సైన్యాన్ని "మోదీజీ సేన" అన్నందుకు యోగి ఆదిత్యనాథ్‌ను జాగ్రత్తగా మాట్లాడమని హెచ్చరించింది. ఈసారి మన దగ్గర ఏ జెండా వాళ్లు ఫ్లెక్సీ మీద జవాను బొమ్మ వేసినా మొహమాటం లేకుండా ఫిర్యాదు చేయండి.

సైన్యంలోకి పిల్లలను తీసుకునే అగ్నిపథ్ పథకం గురించి చెప్పకుండా ఈ వీడియో ముగించలేను. 2022 జూన్ 14న ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, నూటికి ఇరవై ఐదు మందికే కొనసాగింపు. మంత్రివర్గ కమిటీ నిర్ణయం, ముందుగా పార్లమెంటులో చర్చ లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవ, పోలీసు కాల్పుల్లో మన వరంగల్ జిల్లా పిల్లవాడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఇరవై ఏళ్ల పిల్లల జీవితాన్ని మార్చే పథకాన్ని వాళ్ల ఎంపీలు ఒక్కరోజు కూడా సభలో చర్చించకుండా తేవడం అంటే, ఆ పిల్లల టెన్షన్‌కు, కోపానికి వేరే దారి మిగల్చకపోవడమే. మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. ఇంటికి వచ్చేవాళ్లలో మన గ్రౌండ్‌లో పరుగెత్తినవాళ్లూ ఉంటారు.

మరి రిపోర్టు చదవాలా? చదవండి. మొత్తం చదివే ఓపిక లేకపోతే చివర్లో ఉన్న రెండు అధ్యాయాలు, ఏం తేలింది, ఏం చేయాలి అన్నవి ముందు చదవండి. ఇంగ్లీషు కాస్త బరువుగా ఉంటుంది, ఇద్దరు ముగ్గురు కూర్చుని చదివితే తేలిక. అది అయ్యాక లోక్‌సభ వెబ్‌సైట్‌లో ప్రశ్నల విభాగానికి వెళ్లి మీ ఎంపీ పేరు, రక్షణ శాఖ ఎంచుకుని వెతకండి. వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్, నిజామాబాద్, ఎవరిదైనా సరే. ఎన్ని ప్రశ్నలు వేశారు, అగ్నివీరుల గురించి ఒక్కటైనా ఉందా, కింద కామెంట్లో రాయండి. వచ్చినవన్నీ కలిపి తర్వాతి వీడియోలో ఎంపీల పేర్లతో సహా చదువుతాను.