డాబా, రేకుల పని నేర్చుకునేవాళ్లు ముందు చూడాల్సింది అంచులు

(తెర మీద: వాన వెలిసిన డాబా. పిట్టగోడ మూలలో నీళ్లు నిలిచి ఉన్నాయి.)

ఈ మూల చూడండి. శ్లాబ్ మధ్యలో ఒక్క పగులు లేదు. కింద గదిలో మాత్రం గోడ పెచ్చులూడుతోంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, ఏ ఊళ్లో డాబా ఎక్కినా నీళ్లు దిగేది ఎక్కువగా ఇలాంటి చోటే. పిట్టగోడ మొదలు, తూము చుట్టూ, పైపు శ్లాబ్‌లోంచి పైకొచ్చే దగ్గర.

వాటర్‌ప్రూఫింగ్ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. రోలర్‌తో కోటింగ్ వేయడం తొందరగానే వచ్చేస్తుంది. మేస్త్రికి పేరు తెచ్చేది అంచు పని.

(దగ్గరగా: తాపీతో మూలను గుండ్రంగా నునుపు చేస్తున్న చెయ్యి.)

ముందు వదులైన ప్లాస్టరింగ్ కొట్టేసి, బ్రష్‌తో దుమ్మంతా దులపాలి. గోడ, శ్లాబ్ కలిసే చోట పాలిమర్ కలిపిన సిమెంటుతో గోలా, అంటే మూలను గుండ్రంగా నింపే వరస, కట్టాలి. అది గట్టిపడి, ఆరాక ప్రైమర్ (కోటింగ్ పట్టుకునేలా ముందు వేసే పూత), ఆ తర్వాత కోటింగ్. కోటింగ్ శ్లాబ్ దగ్గరే ఆగిపోకుండా గోడ మీదికి జానెడు ఎక్కాలి. శ్లాబ్‌కు తూము వైపు వాటం ఉండాలి, 10 అడుగులకు అంగుళం పైనే. కోటింగ్ పూర్తిగా ఆరాక తూము మూసి, కనీసం 24 గంటలు నీళ్లు కట్టి చూడండి. ఇంటివాళ్ల ముందే కట్టండి. వాళ్ల నమ్మకం అక్కడే మొదలవుతుంది.

(తెర మీద: రేకుల కప్పు, చూరు దగ్గర స్క్రూల వరస.)

రేకుల పనిలోనూ అంతే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. గాలి రేకును కిందికి నొక్కుతుందనుకుంటాం. తుపాను గాలి పైకి పీకుతుంది, అదీ చూరు, కొప్పు దగ్గర ఎక్కువగా. అందుకే అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. స్క్రూ రేకు గాడిలో కాదు, గట్టు మీద వేయాలి. రబ్బరు వాషర్ సరిగ్గా ఆనగానే ఆపేయాలి. ఇంకా బిగిస్తే అది చిట్లి, అక్కడి నుంచే కారుతుంది.

పాత సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, పుటుక్కున విరుగుతుంది. కింద పర్లిన్ల (రేకులను మోసే అడ్డ దూలాల) మీద ఆనేలా పలక వేసుకుని నడవండి. నడుముకు తాడు చాలదు, ఒళ్లంతా పట్టే సేఫ్టీ బెల్ట్ కావాలి. మేస్త్రి నవ్వినా పెట్టుకోండి.

ఐటీఐలో తాపీ పని కోర్సు చేస్తే పునాది గట్టిగా పడుతుంది. 18 ఏళ్లు నిండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. దీన్ని నిర్లక్ష్యం చేయకండి.

కోటింగ్‌కు శ్లాబ్ పొడిగా ఉండాలి కాబట్టి పని ఊపందుకునేది వానలు తగ్గాకే. అప్పుడు చేరండి. కూలి కాస్త తక్కువైనా సరే, మీ చేత గోలా కట్టించే మేస్త్రినే వెతుక్కోండి.