చరాచరం

సభకు నమస్కారం. నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా పనిచేసినవాణ్ణి. విదేశయాత్ర గురించి మాట్లాడమన్నారు కాబట్టి గుళ్ళూ గోపురాల ముచ్చట్లు చెబుతానని అధ్యక్షులవారు అనుకుని ఉంటారు. బ్యాంకాక్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడు వారాలు ఉన్నాను. గుడికి ఒక్కసారి వెళ్ళాను. మిగతా రోజులన్నీ బండెక్కుతూ దిగుతూనే గడిపాను.

థాయి వాళ్ళు బండిని 'రొత్' అంటారు. మన రథమే. వాహనాలన్నీ కలిపి 'యాన్ ఫాహన', అంటే యానవాహనాలు. ఇక ట్రాఫిక్‌ను 'చరాచొన్' అంటారు, అంటే చరాచరం! కదిలేదీ కదలనిదీ. సాయంత్రం ఆరింటికి సుఖుమ్‌విత్ రోడ్డు మీద నిలబడితే ఆ మాటలో రెండో సగమే కంటికి కనిపిస్తుంది. ఒకచోట గడియారం చూశాను. ఎర్రదీపం నాలుగు నిమిషాలు దాటినా మారలేదు. చాలా కూడళ్ళలో పోలీసు గదిలో కూర్చుని చేత్తోనే దీపాలు మారుస్తాడట. అంతసేపూ ఒక్క హారన్ మోగలేదు. మన విజయవాడ బెంజి సర్కిల్‌లో అయితే పచ్చదీపం వెలగకముందే వెనకవాడు తరుముకొస్తాడు.

ఇంత ఇరుకెందుకంటే, ఆ ఊరు పుట్టిందే కాలువల మీద. 1861లో విదేశీ కాన్సళ్ళు బగ్గీలు తిప్పుకోవడానికి దారి లేదని, అందుకే ఒంట్లో బాగుండటం లేదని మోంకుట్ రాజుకు అర్జీ పెట్టుకున్నారు. అప్పుడు వేసినదే చరోన్ క్రుంగ్ రోడ్డు. తర్వాత తర్వాత కాలువలు పూడ్చి రోడ్లు చేశారు. పక్క సందుల్ని 'సోయి' అంటారు. వాటిలో చాలావాటికి అవతలి కొస మూసుకుని ఉంటుంది. పక్క సోయిలో ఉన్న చుట్టాన్ని చూడాలన్నా పెద్ద రోడ్డెక్కాల్సిందే. అందరూ అక్కడికే చేరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే సోయి మొదట్లో నారింజరంగు చొక్కాలతో మోటారుసైకిలు వాళ్ళు కాచుకుని ఉంటారు. ఒకసారి ఎక్కాను. రెండు కార్ల అద్దాల మధ్య నుంచి పోతుంటే మోకాళ్ళు దగ్గరకు లాక్కుని ఆంజనేయ దండకం చదువుకున్నాను. పక్క బండి మీద ఒకావిడ ఒకవైపుకు కూర్చుని తీరిగ్గా ఫోను చూసుకుంటోంది.

పూడ్చకుండా మిగిలిన సేన్ సేప్ కాలువలో ఇప్పటికీ పడవలే సిటీ బస్సులు. రేవులో అరనిమిషం కూడా ఆగవు. మురికినీళ్ళు ఎగజిమ్మితే ప్రయాణికులే తాడు లాగి పక్కనున్న పట్టా పైకెత్తుకోవాలి. టిక్కెట్లు ఇచ్చే మనిషి హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద నడుస్తూ డబ్బులు వసూలు చేస్తాడు. నేను ఫుట్‌బోర్డు మీద వేలాడినవాణ్ణే, అయినా అది చూసి నమస్కారం పెట్టాను. మన ఏలూరు కాలువలోనూ ఒకప్పుడు పడవలు నడిచేవి.

రోడ్డుకు పైన స్తంభాల మీద నడిచే మెట్రో రైలు, స్కైట్రెయిన్, 1999 నుంచి నడుస్తోంది. చల్లగా ఉంటుంది, త్వరగా చేరుస్తుంది. కండక్టరు లేని బండి గురించి ఇంతకంటే నేనేం చెప్పగలను?

ఎర్రబస్సు సంగతి వేరు. కిటికీలు తెరిచి ఉంటాయి, తలపైన ఫ్యాను. నేను ఎక్కినప్పుడు టిక్కెట్టు ఎనిమిది బాత్‌లు. కండక్టరును అక్కడ 'క్రపావ్' అంటారు, అంటే సంచీ. మా బస్సులో ఆ సంచీ ఒక నడివయసు ఆవిడ. చేతిలో పొడుగాటి రేకు గొట్టం, అందులోనే టిక్కెట్ల చుట్టలూ చిల్లరా. మూత టకటకలాడించిందంటే డబ్బులు తియ్యమని అర్థం. ఇరవై బాత్‌ల నోటిచ్చాను. నా వైపు చూడకుండానే పన్నెండు తిరిగి అరచేతిలో పెట్టింది. టిక్కెట్టు వెనక బాకీ రాసివ్వలేదు! నేను ఎన్ని వేలసార్లు రాసిచ్చి ఉంటానో.

నా ఉద్యోగం ఏమిటో అమ్మాయి ఆవిడకు వాళ్ళ భాషలో చెప్పింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, గొట్టం నా చేతికిచ్చింది. మూత రెండుసార్లు ఆడించాను. ముందు సీట్లో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరగకుండానే జేబులో చెయ్యి పెట్టాడు.