గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది

అందరికీ నమస్కారం.

మీ లా కాలేజీ కొత్త భవనంలో మెట్లు ఎక్కగానే ఎదురుగా ఒక పెద్ద గోడ వస్తోంది. దాని మీద ఒక కళాఖండం పెట్టించాలని అనుకుంటున్నామని, ఆ సంగతి మీద నాలుగు మాటలు చెప్పమని మీ బిల్డింగ్ కమిటీ వాళ్లు నన్ను పిలిచారు. నేను ఇరవై ఏళ్లకు పైగా గోడల మీద బొమ్మలు వేస్తున్నాను. లా చదవలేదు. అయినా ఈ పనిలో నేను పడ్డ ఇబ్బందుల్లో రంగుల వల్ల వచ్చినవి తక్కువ, కాగితాల వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే ఏ బొమ్మ వేయించుకోవాలో చెప్పను. వేయించుకునే ముందు మీలో మీరు ఏం మాట్లాడుకోవాలో చెబుతాను.

ముందు ఒక లా స్కూల్ గోడ కథ వినండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో సౌత్ రాయల్టన్ అని ఒక చిన్న ఊరు. వెర్మాంట్ లా స్కూల్ అక్కడే ఉంది. 1993లో శామ్ కెర్సన్ అనే చిత్రకారుడు ఆ స్కూల్ కమ్యూనిటీ సెంటర్ గోడల మీద రెండు బొమ్మలు వేశాడు. ఒక్కోటి 8 అడుగుల ఎత్తు, 24 అడుగుల పొడవు. బానిసత్వం నుంచి తప్పించుకుని ఉత్తరానికి పారిపోయిన నల్లజాతి మనుషుల కథ, వాళ్లకు ఆశ్రయం ఇచ్చిన వెర్మాంట్ ప్రజల కథ ఆ బొమ్మల్లో ఉంది. చిత్రకారుడు బానిసత్వాన్ని ఖండిస్తూనే వేశాడు. అందులో సందేహం లేదు.

కానీ బొమ్మ చూసేవాళ్లు మారతారు. నల్లవాళ్ల ముఖాలు, శరీరాలు కార్టూన్‌లా ఉన్నాయని, తెల్లవాళ్లు వచ్చి ఉద్ధరించినట్టు ఉందని విద్యార్థులకు అనిపించింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయాక, ఈ బొమ్మలు తీసేయమని అడిగారు. స్కూల్ ఒప్పుకుంది. కావాలంటే మీ బొమ్మలు మీరు తీసుకెళ్లండని చిత్రకారుడికి చెప్పింది. ఎలా తీసుకెళ్తాడు? రంగు నేరుగా గోడ మీదే ఉంది. గోడ పగలగొడితే తప్ప ఊడి రాదు. చివరికి బొమ్మకు ఎక్కడా తగలకుండా ముందు ఒక ఫ్రేమ్ కట్టి, దానికి పలకలు బిగించి మూసేశారు.

కెర్సన్ కోర్టుకు వెళ్లాడు. చిత్రకారుల, శిల్పుల పనిని పాడుచేయకుండా, నాశనం చేయకుండా కాపాడటానికి అమెరికాలో 1990లో చేసిన చట్టం ఒకటి ఉంది. ఎవరికీ ఎప్పటికీ కనపడకుండా మూసేయడం నాశనం చేయడం కిందికే వస్తుందని ఆయన వాదన. కింది కోర్టు ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది: బొమ్మ మీద గీత పడలేదు, చెక్కు చెదరలేదు, దాచిపెట్టడం నాశనం చేయడం అవదు. ఇప్పుడు ఆ రెండు బొమ్మలూ ఆ పలకల వెనకాల చీకట్లో ఉన్నాయి.

ఈ కేసు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ విద్యార్థుల వైపే నేను మాట్లాడతాను. తమను అవమానిస్తోందనిపించే బొమ్మ ముందు కూర్చుని రోజూ చదువుకోమని ఎవరినీ అనకూడదు. కానీ బతికుండగానే తన బొమ్మను అలా మూసేస్తే ఆ మనిషికి ఎలా ఉంటుందో నా చేతులకు తెలుసు. ఇద్దరికీ న్యాయం జరిగే దారి ఒకటి ఉండేది, అది చాలా చిన్న విషయం. బొమ్మను గోడ మీద కాకుండా పలకల మీద వేసి, బోల్టులతో గోడకు బిగించి ఉంటే, విప్పి చిత్రకారుడికి ఇచ్చేయగలిగేవాళ్లు. ఆయన దాన్ని ఇంకో ఊళ్లో, ఇంకో గోడకు పెట్టుకునేవాడు. గోడ మీదా, పలక మీదా అన్నది మేస్త్రీకి, చిత్రకారుడికి సంబంధించిన మాటలా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే కోర్టు మాట అయింది.

విప్పే వీలుంటే చాలదు, విప్పేవాడికి విలువ తెలియాలి. దానికి మన దేశంలోనే ఒక కథ ఉంది. మీలో చాలామంది పాఠంగా చదివే ఉంటారు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం 1957లో ప్రభుత్వం శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌ని అడిగితే ఆయన ఐదేళ్లు కష్టపడి, 1962కి ఒక కంచు కుడ్యశిల్పం పూర్తి చేశారు. 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. 1979లో దాన్ని ఊడదీసి గోడౌన్లో పడేశారు. ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. దెబ్బతిని ముక్కలైన దాని కోసం ఆయన 1992లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశారు. 2005లో తీర్పు వచ్చింది. మిగిలిన భాగాలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, ఐదు లక్షలు పరిహారం కట్టాలని. గెలిచేనాటికి ఆయన ఎనభై దాటిన మనిషి. ఆ తర్వాత రెండేళ్లకే కన్నుమూశారు.

తన పనిని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఇచ్చే మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ గురించి మీకు నేను చెప్పేంతటివాణ్ణి కాను. కానీ అందులో ఒక వివరణ ఉంది: కళాఖండాన్ని ప్రదర్శించకపోవడం, లేదా కళాకారుడికి నచ్చినట్టు ప్రదర్శించకపోవడం ఆ హక్కుకు భంగం అవదు. అంటే పాడుచేస్తే అడగొచ్చు, మూసిపెడితే అడగడం కష్టం. చట్టం ఇచ్చేది ఇంతే అయినప్పుడు మిగిలింది అగ్రిమెంటులోనే రాసుకోవాలి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. కాలేజీ పేరు వద్దు. ఒక ఆడిటోరియం బయట గోడ మీద నాట్లు వేస్తున్న ఆడవాళ్ల బొమ్మ వేశాను. మూడు నెలల పని. రెండేళ్ల తర్వాత అటువైపు వెళ్తూ చూద్దామని ఆగాను. మధ్యలో ఉన్న ఆవిడ చెంపలోంచి ఏసీ పైపు బయటికొస్తోంది. అక్కడే నిలబడిపోయాను. డ్రిల్ చేసిన అబ్బాయిది తప్పు కాదు. ఇక్కడ రంధ్రం పెట్టమని ఎవరో చూపించారు, పెట్టాడు. ఆ గోడ మీద ఏముందో, దాన్ని ఎవరు చూసుకోవాలో చెప్పే కాగితం ఆ కాలేజీలో ఏ ఫైల్లోనూ లేదు. నేనూ అడగలేదు, చెక్కు తీసుకుని వచ్చేశాను. ఆ తప్పు నాది కూడా.

అందుకే మీరు రాసుకోబోయే కాగితంలో ఉండాల్సినవి చెబుతాను, మిగతా భాష మీరే బాగా రాయగలరు. బొమ్మను ఏడాదికోసారి ఎవరు తుడవాలి, చెమ్మ పడితే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ ఖర్చు ఏ పద్దులోంచి వస్తుంది. గోడకు మేకు కొట్టాలన్నా ఎవరి సంతకం కావాలి. ముఖ్యంగా, ఏదో ఒక రోజు మీ తర్వాత వచ్చే పిల్లలకు ఈ బొమ్మ వద్దనిపిస్తే ఏం చేయాలి. కళాకారుడికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వాళ్ల మాట ఎవరు వినాలి, తీస్తే ఎవరు తీయాలి, ఎక్కడికి పంపాలి. పెళ్లి మాటల్లో విడాకుల సంగతి ఎత్తినట్టుంది అని మీ కమిటీలో ఒకరు అన్నారు. నాకు మాత్రం ఇది వీలునామా రాసుకోవడంలా అనిపిస్తుంది. ఇంటి మీద ప్రేమ ఉన్నవాళ్లే రాస్తారు.

ఇక ఎవరిని అడగాలన్నది. సుప్రీంకోర్టు జడ్జిల లైబ్రరీలో కొత్త న్యాయదేవత విగ్రహం సంగతి 2024 అక్టోబరులో బయటికొచ్చింది. కళ్లకు గంతలు లేవు, కత్తి బదులు చేతిలో రాజ్యాంగం, ఒంటి మీద చీర. ఆలోచన నాకు నచ్చింది. కానీ తమను సంప్రదించకుండా మార్చారని సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ తీర్మానం చేసింది. మంచి బొమ్మ కూడా అడగకుండా పెడితే పరాయి బొమ్మే అవుతుంది. మీ గోడ ముందు నుంచి రోజూ వెళ్లేది విద్యార్థులు, క్లర్కులు, ఊడ్చే ఆయమ్మలు, ఉచిత న్యాయ సహాయం కోసం ఊళ్ల నుంచి వచ్చే కక్షిదారులు. కమిటీలో వీళ్లలో కనీసం ఒక్కరైనా కూర్చోవాలి. గోడ ముందు నిలబెట్టి, ఇక్కడ ఏం చూడాలనుంది అని అడగండి.

డబ్బు గురించి క్లుప్తంగా. వాషింగ్టన్ రాష్ట్రంలో 1974 నుంచి ప్రభుత్వ భవనాలు కట్టే ఖర్చులో అర శాతం కళకు పక్కన పెట్టాలని చట్టం ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలకూ అది వర్తిస్తుంది. ఎస్టిమేట్ వేసేటప్పుడే ఆ అంకె రాస్తారు కాబట్టి చివర్లో మిగిలిన డబ్బుల కోసం ఎవరూ దేబిరించక్కర్లేదు. మీరూ ఇప్పుడే రాయండి. ఇంకో మాట, టెండర్ పిలిచి తక్కువ కోట్ చేసినవాళ్లకు ఇవ్వకండి. సిమెంటు అలా కొనొచ్చు. ఇద్దరు ముగ్గురు కళాకారుల్ని ఎంచుకుని, నమూనాలు చేయమని, ఆ నమూనాలకు కూడా డబ్బులిచ్చి, అందరి ముందూ పెట్టి చూడండి.

తొందర కూడా వద్దు. న్యూయార్క్‌లో కొలంబియా లా స్కూల్ గుమ్మం పైన జాక్ లిప్‌షిట్జ్ చేసిన పెద్ద కంచు శిల్పం ఉంది. రెక్కల గుర్రాన్ని ఒక మనిషి లొంగదీస్తుంటాడు. అదుపులేని శక్తిని చట్టం అదుపులోకి తెస్తుందని భావం. నాజీల నుంచి పారిపోయి 1941లో అమెరికా చేరిన యూదుడు ఆ శిల్పి. చట్టం చేతులెత్తేస్తే ఏమవుతుందో చూసి వచ్చినవాడు. 1960ల్లో మొదలైన ఆ పని 1977లో గానీ గుమ్మం మీదికి ఎక్కలేదు. ఆయన 1973లోనే చనిపోయారు. అన్నేళ్లు ఆగింది ఆ స్కూల్.

మీ గోడ పొద్దున చూశాను. ప్లాస్టరింగ్ ఇంకా పచ్చిగానే ఉంది. పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ నేరుగా దాని మీదే పడేలా ఉంది, అలా పడితే ఏ రంగైనా కొన్నేళ్లకు వెలిసిపోతుంది. ఈ మీటింగ్ అయ్యాక నాలుగున్నరకి టేపు పట్టుకుని అక్కడికి వెళ్తున్నాను. మీ ఇంజనీర్ గారు వస్తానన్నారు. వాచ్‌మన్ గారినీ, వీలైనంతమంది విద్యార్థుల్నీ వెంటబెట్టుకుని రండి.