తాళ్లకు దీవెన, మెట్లకు పసుపు

తమ్ముడు: ఎర్ర లైటు వెలిగింది, అంటే రికార్డ్ అవుతున్నట్టే. అందరికీ నమస్కారం. ఈ వారం స్టూడియో మా మిద్దె మీది గది. వెనకాల ఫ్యాన్ చప్పుడు వస్తే సర్దుకోండి, ఆపితే ఈ తిరుపతి ఎండకు ఎపిసోడ్ సగంలోనే ఇద్దరం సొమ్మసిల్లిపోతాం. ఈ రోజు మాట్లాడేది మా పెద్దమ్మ కూతురు. పోయినేడు ఆఫీసు పని మీద ఫ్రాన్స్‌లో, లియోన్‌లో రెండు నెలలు ఉండి వచ్చింది. అక్కడి నుంచి ఆల్ప్స్‌లో కొండలెక్కేవాళ్ల పండగకు పోయింది. అక్కా, నీకు కొండల పిచ్చి ఎప్పటి నుంచి?

అక్క: పిచ్చేం లేదురా. మన ఊళ్ళో కొండంటే ఒకటే. "రేపు కొండకు పోతున్నాం" అంటే ఏ కొండ అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఉండేది ఏడు, పిలిచేది మాత్రం ఒక్కటిగానే.

తమ్ముడు: మరి అక్కడికి ఎందుకు పోయినట్టు?

అక్క: ఆగస్టు 15 మనకు జెండా పండగ కదా, ఫ్రాన్స్‌లో ఆ రోజు మేరీమాత పండగ. దేశమంతా సెలవు. షమోనీ అనే ఊళ్ళో ఆ రోజే గైడ్ల పండగ చేస్తారు, గైడ్లంటే జనాన్ని కొండ మీదికి తీసుకుపోయేవాళ్లు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం అని ముందురోజు బస్సెక్కేశాను.

తమ్ముడు: మౌంట్ బ్లాంక్ ఉండేది అక్కడే కదా.

అక్క: అక్కడ ఆ మాట అన్నావంటే నవ్వుతారు. మో బ్లా అనాలి, అదీ ముక్కుతో. ఊరు ఉండేది 1,035 మీటర్ల ఎత్తులో. శిఖరం 4,800 దాటుతుంది. బస్టాండులో దిగి తల ఎత్తితే నడినెత్తిన మంచు. మనకు రైల్వే స్టేషన్ ముందు నిలబడితే కొండ కనిపిస్తుంది చూడు, అట్ల. ఆ ఊరివాళ్లూ మనలాగే దానివైపు చూడకుండానే నడిచిపోతుంటారు.

తమ్ముడు: సరే, పండగలో ఏం చేస్తారు? మన గంగమ్మ జాతరలాగా వేషాలేమైనా?

అక్క: వేషాలు లేవు కానీ గైడ్లందరూ ఒకే తీరు దుస్తుల్లో, గుండెల మీద బ్యాడ్జీతో వస్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడి పక్కన డెబ్బై ఏళ్ల ముసలాయన. చర్చి ముందు ఖాళీ జాగాలో తాళ్లు, మంచు గొడ్డళ్లు పేర్చి పెడతారు. మంచు గొడ్డలంటే ఐస్ యాక్స్, మంచులో దిగ్గొట్టి పట్టుకునేది. పాదిరిగారు ప్రార్థన చేసి వాటిని దీవిస్తాడు.

తమ్ముడు: ఆయుధ పూజ!

అక్క: నిమ్మకాయ ఒక్కటే తక్కువ. నాకు వెంటనే దసరా నాడు మామ ఆటోకు పసుపు పూయడం గుర్తొచ్చింది. నవ్వొచ్చింది కూడా. ఆ తర్వాత గైడ్ల పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పేరు, గట్టిగా, ఊరందరి ముందు. అంతవరకు ఫోన్లో వీడియో తీస్తున్నదాన్ని, అక్కడ ఆపేశాను.

తమ్ముడు: ఎందుకు?

అక్క: చెప్తాను, దానికి ముందు కొంచెం కథ ఉంది. ఊరి నడుమ ఒక విగ్రహం ఉంది. ఇద్దరు మనుషులు, ఒకడు శిఖరం వైపు వేలు చూపిస్తుంటాడు. వేలు చూపించేది బల్మా, ఆ ఊరివాడే, కొండల్లో స్ఫటికాలు ఏరుకుని బతికేవాడు. పక్కనాయన సొస్యూర్, జెనీవా శాస్త్రవేత్త. మో బ్లా ఎక్కినవాళ్లకు బహుమానం ఇస్తానని చాటింది ఆయనే. 1786 ఆగస్టు 8న మొట్టమొదటిసారి శిఖరం ఎక్కినవాళ్లు ఇద్దరు. బల్మా ఒకడు. రెండో ఆయన ఎవరో చెప్పు.

తమ్ముడు: సొస్యూరే కదా. విగ్రహంలో ఉన్నాడన్నావుగా?

అక్క: కాదు! ఆ ఊరి డాక్టరు, పకార్ అని. పేరంతా బల్మా కొట్టేశాడు, డాక్టరును జనం మర్చిపోయారు. ఆయనకంటూ విగ్రహం పెట్టింది 1986లో. సరిగ్గా రెండు వందల ఏళ్లు కూర్చోబెట్టారు పాపం.

తమ్ముడు: అబ్బా.

అక్క: 1808లో మరీ పరాదీ అని పనిమనిషి ఒకామె ఎక్కింది. ఆడవాళ్లలో ఆమే మొదలు. సరే, అసలు విషయానికి వస్తాను. 1820లో హామెల్ అనే పెద్దమనిషి శిఖరం ఎక్కాలని గైడ్లను వెంటబెట్టుకుని పోయాడు. దారిలో మంచు విరుచుకుపడి ముగ్గురు గైడ్లు చనిపోయారు. తీసుకుపోయిన పెద్దమనిషి బతికాడు. ఆ మరుసటి ఏడే, 1821లో, గైడ్లు సంఘం పెట్టుకున్నారు. గైడ్ల సంఘాల్లో ప్రపంచంలో అదే పాతది. దాంతోపాటే ఒక సహాయ నిధి. చనిపోయినవాళ్ల పెళ్లాం పిల్లలకు, కాలో చెయ్యో విరిగినవాళ్లకు. ఈ పండగలో వచ్చే డబ్బులు కూడా ఆ నిధికే పోతాయి.

తమ్ముడు: ఆ ముగ్గురూ దొరికారా?

అక్క: అడుగుతావనుకున్నాను. అక్కడి హిమానీనదం చూడ్డానికి కదలదు కానీ లోలోపల నది మాదిరే కిందికి జారుతుంటుంది. ఫోర్బ్స్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి, నలభై ఏళ్లకు కింద తేలతారు అన్నాడు. 1861లో, అంటే నలభై ఒక్క ఏడాదికి, వాళ్ల ఆనవాళ్లు కింద బయటపడ్డాయి.

తమ్ముడు: ...ఫ్యాన్ వేసి ఉన్నా ఒళ్ళు జలదరించిందక్కా.

అక్క: ఆ రోజుల్లో సంఘంలో ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి వంతు వస్తే వాళ్లే గైడుగా పోవాలి. నాకు ఫలానావాడే కావాలంటే కుదరదు.

తమ్ముడు: స్టేషన్ ముందు ఆటోల సీరియల్ లాగా!

అక్క: అచ్చం అదే. గొడవలూ అవే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆసాములకు అది అస్సలు నచ్చేది కాదు. నాకు మాత్రం సబబుగానే అనిపించింది. లేకపోతే ఇద్దరు ముగ్గురే సంపాదించుకుంటారు, మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

తమ్ముడు: నువ్వు ఎక్కావా లేదా? అది చెప్పు ముందు.

అక్క: శిఖరమా? బాగుంది, నన్నెవడు తీసుకుపోతాడు? ఊరి చివర గయ్యాన్ అనే బండ ఉంది, కింద చిన్న చెరువు. పండగ ఆటపాటలు కూడా అక్కడే, గైడ్లు బండ మీద విన్యాసాలు చేస్తారు. లైట్లు, మ్యూజిక్ నాకు ఎక్కువయ్యాయి, సగంలోనే వచ్చేశాను. కానీ ముందురోజు సాయంత్రం అదే బండ మీద కొత్తవాళ్లకు నేర్పించేచోట డబ్బులు కట్టి చేరాను. నా పక్కన ఎనిమిదేళ్ల పిల్ల.

తమ్ముడు: ఆ పిల్ల ఎక్కేసిందా?

అక్క: బల్లిలాగా పాకేసింది. నా సంగతి విను. నడుముకు హార్నెస్ బిగించారు, తాడు కట్టుకునే పట్టీలు. తాడు కొసను ఎనిమిది అంకెలాగా మడిచి, మళ్లీ అదే దారిలో వెనక్కి తెచ్చి ముడి వేయాలి. నేను వేశాను. గైడు చూశాడు, వేలితో ముడి మీద ఒక్కో మెలికా తడిమాడు, లాగాడు. సరే అనలేదు. విప్పి మళ్లీ వేయమన్నాడు. రెండోసారీ అట్లే తడిమాడు. ఆ తర్వాత తన నడుము దగ్గర కట్టు నాకు చూపించి నన్ను సరిచూడమన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి ఎక్కిస్తున్నవాడు, నాతో సరిచూపించుకున్నాడు!

తమ్ముడు: నువ్వేం చూశావు?

అక్క: ఏం చూశానో నాకే తెలియదు, తల మాత్రం ఊపాను. పది అడుగులు బాగానే ఎక్కాను. అక్కడ బొటనవేలు పట్టేంత అంచు మీద నిలబడాలి. కుడికాలు మొదలుపెట్టిందిరా, కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకా ఆడుతోంది. ఆపుదామంటే నా మాట వినదు. చేతుల్లో చెమట. కింద నుంచి గైడు ఒక్కటే అన్నాడు, మడమ దించు అని. మడమ దించగానే కాలు ఆగింది. అంతే, ఇంకో నాలుగు అడుగులు ఎక్కి, దింపేయండి సామీ అన్నాను. తెలుగులోనే.

తమ్ముడు: (నవ్వు) అర్థమైందా ఆయనకు?

అక్క: ఆ మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

తమ్ముడు: మనకూ బండలకేం కొదవ లేదు కదా. ఘాట్ రోడ్డులో పోతుంటే ఎర్రటి రాతి గోడలు ఎట్ల ఉంటాయి!

అక్క: ఆ గోడలు ఎక్కేవి కావు. ఒకటి, మనకు పవిత్రం. రెండు, శేషాచలం రిజర్వు అడవి, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు కూడా. అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. కానీ చూడొచ్చు. ఆ ఘాట్ రోడ్డులోనే కింద గ్రానైటు రాయి, పైన క్వార్ట్జైటు అనే ఇంకో రాయి, రెండూ కలిసే గీత కనిపిస్తుంది. ఆ రెండింటి వయసుకూ నడుమ పదుల కోట్ల ఏళ్ల ఎడం. జాతీయ భూగర్భ స్మారకం అది. మనం ఆ మలుపులో వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంటాం.

తమ్ముడు: అది నన్నేనా?

అక్క: ఇంకెవర్ని. మెట్ల సంగతి కూడా చెప్పనీ. షమోనీ పక్కన మేర్ ద గ్లాస్ అని పెద్ద హిమానీనదం ఉంది. పైదాకా చిన్న రైలు పోతుంది. 2024లో కొత్త కేబుల్ కారు వచ్చేదాకా అక్కడి నుంచి మంచు దగ్గరికి మెట్లు దిగాల్సి వచ్చేది, వందల మెట్లు. దారి పొడుగునా పలకలు కొట్టి ఉంటాయి, ఫలానా ఏడాది మంచు ఇక్కడిదాకా ఉండేది అని. 1990 పలక దగ్గర నిలబడి కిందికి చూస్తే మంచు ఎక్కడో పాతాళంలో ఉంది. మన అలిపిరి మెట్లు 3,550, మా అవ్వ ఎక్కినప్పుడూ అన్నే, నేను ఎక్కినప్పుడూ అన్నే. అక్కడ మంచు కరిగేకొద్దీ మెట్లు కొత్తగా కలుపుతూ పోయారు.

తమ్ముడు: మనవాళ్లు ఒక్కో మెట్టుకు పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతారు. మెట్లోత్సవం నాడు భజన మండళ్లు చూడాలి, తాళం ఆపకుండా ఎక్కేస్తారు. నాకేమో మోకాళ్ల మెట్టు వచ్చేసరికి మాట పడిపోతుంది. అది సరే, పేర్లు పిలుస్తుంటే ఫోన్ ఎందుకు ఆపావో చెప్పలేదు.

అక్క: ఆ ఊళ్ళో స్టేషన్ ముందు రోడ్డుకు కూడా గైడు పేరే. మిషెల్ క్రో. 1865లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో ఒకడు. దిగేటప్పుడు ఒకరు జారారు, తాడు తెగింది, నలుగురు పోయారు. వాళ్లలో క్రో ఉన్నాడు. ఆ తాళ్లు దీవిస్తున్నప్పుడు నేను నవ్వుకున్నానని చెప్పాను కదా. ఈ సంగతి తెలిశాక నవ్వు రాలేదు. పండగలో స్మశానానికి పోయి చనిపోయినవాళ్లను కూడా తలుచుకుంటారు. నాకు మన మస్తాన్ బాబు గుర్తొచ్చాడు.

తమ్ముడు: మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా.

అక్క: గాంధీ జనసంఘం అని చిన్న ఊరు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయాడు. మన పక్క జిల్లావాడు, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు ఆ పేరు? అదొకటి. రెండోది నాగలాపురం.

తమ్ముడు: అయ్యో, అది ఇప్పుడెందుకు?

అక్క: వినేవాళ్లకు చెప్పు.

తమ్ముడు: నేను ఇంటర్, అక్క డిగ్రీ. మే నెలలో ఎనిమిది మందిమి నాగలాపురం అడవిలో నీటి గుండాలకని పోయాం. గైడు లేడు, అనుమతి అనేది ఒకటుంటుందని కూడా తెలియని వయసు. మూడో గుండం దాటాక దారి తప్పాం. రెండు గంటలకల్లా నీళ్లు అయిపోయాయి. అక్క స్నేహితురాలికి వడదెబ్బ తగిలి కళ్ళు తేలేసింది. ఎనుములు మేపుకునే ఆయన ఒకాయన కనిపించి తన క్యాన్‌లో నీళ్లు పోసి, వాగు గుండా కిందికి తీసుకొచ్చి రోడ్డు మీద వదిలాడు.

అక్క: క్యాన్‌లో ఉన్న నీళ్లన్నీ మనకే పోసేశాడురా. ఆయన తాగలేదు. మనం ఏం ఇచ్చాం?

తమ్ముడు: రెండు వందలు.

అక్క: పేరు?

తమ్ముడు: ...అడగలేదు.

అక్క: అక్కడ పేర్లు వరసగా పిలుస్తుంటే నాకు ఆ క్యానే కళ్ళ ముందుకొచ్చింది. అందుకే ఫోన్ లోపల పెట్టేశాను.

తమ్ముడు: మామవాళ్లది పిచ్చాటూరే కదా, నాగలాపురం పక్కనే. అడిగించి చూద్దామా?

అక్క: ఏమని అడిగిస్తావు? ఆనవాలు చెప్పు.

తమ్ముడు: తలకు పచ్చ తువ్వాలు. రెండు ఎనుములు, ఒక దూడ.

అక్క: ఆ చుట్టుపక్కల సగం మందికి పచ్చ తువ్వాలే ఉంటుందిరా.

తమ్ముడు: దూడకు ఒక చెవి తెల్లగా ఉండింది.

అక్క: పదేళ్లయింది. అది ఇప్పుడు దూడగానే ఉంటుందా?

తమ్ముడు: మామకు ఫోన్ చేస్తానులే. ఉండు, రికార్డింగ్ ఆపి చేస్తా.