కమ్యూనిటీ కాలేజీకి కొత్త ప్రెసిడెంట్: ప్రకటన వెలువడే ముందు జరగాల్సిన పని

అందరికీ నమస్కారం.

కాలిఫోర్నియా బే ఏరియాలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళకి ఓలోనీ కాలేజీ, కూపర్టినో వాళ్ళకి డి ఆంజా, డబ్లిన్, ప్లెజంటన్ వైపు వాళ్ళకి లాస్ పొసిటాస్. మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు తీసుకునేది వీటిలోనే. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన అమ్మాయిలు మళ్ళీ చదువు అందుకునేదీ చాలాసార్లు వీటిలోనే. మీ ఇంటి పన్ను బిల్లులో వీటి బాండ్లకి (భవనాల కోసం తెచ్చిన అప్పులకి) కూడా ఒక వరుస ఉంటుంది. అయినా ఆ కాలేజీని నడిపే మనిషిని ఎవరు ఎంచుకున్నారు, ఎలా ఎంచుకున్నారు అని అడిగితే మనలో ఎక్కువమంది చెప్పలేరు. ఈ సాయంత్రం మాట్లాడుకోబోయేది దాని గురించే. కొత్త ప్రెసిడెంట్‌ని వెతికే సెర్చ్ కమిటీలో ఊరివాళ్ళ తరఫున కూర్చోమని మీలో ఎవరికైనా పిలుపు రావచ్చు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకి ప్రిన్సిపాల్ ప్రమోషన్ మీదో బదిలీ మీదో వస్తారు. యూనివర్సిటీ వైస్ చాన్సలర్ పదవికైతే ముగ్గురు సభ్యుల కమిటీ మూడు పేర్లు పంపుతుంది, వాటిలో ఒకటి పైనుంచి ఖాయమై వస్తుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో పైనుంచి ఎవరినీ పంపరు. రాష్ట్రంలో 116 కాలేజీలు, వాటిని నడిపే స్థానిక సంస్థలు, అంటే డిస్ట్రిక్టులు, 73 ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నడిచే కాల్‌బ్రైట్‌ని పక్కన పెడితే, ప్రతి డిస్ట్రిక్టుకీ స్థానిక ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, నియామకం దాని చేతిలో ఉంటుంది. ఓలోనీ లాంటి ఒకే కాలేజీ డిస్ట్రిక్టులో సూపరింటెండెంట్ (డిస్ట్రిక్టు అధిపతి), ప్రెసిడెంట్ (కాలేజీ అధిపతి) రెండూ ఒక్కరే, వారు నేరుగా బోర్డుకి జవాబు చెబుతారు. ఫుట్‌హిల్–డి ఆంజా డిస్ట్రిక్టులో బోర్డు కింద చాన్సలర్, చాన్సలర్ కింద ఇద్దరు ప్రెసిడెంట్లు. ఖాళీ అయింది ఏ కుర్చీయో ముందు తేల్చుకోండి. బోర్డుని నడిపించగల మనిషీ, ఒక చాన్సలర్ కింద పనిచేస్తూ క్యాంపస్‌ని నడిపించగల మనిషీ చాలాసార్లు వేర్వేరు మనుషులు.

ఇక నేను నొక్కి చెప్పదలచుకున్న మాట. చెడిపోయిన సెర్చ్‌లలో చాలావరకు, ఉద్యోగ ప్రకటన బయటికి వచ్చే నాటికే చెడిపోయి ఉంటాయి. తరువాతి నెలల్లో కమిటీ ఎంత కష్టపడినా ఆ లోటు పూడదు.

క్యాలెండర్ నుంచి మొదలుపెడదాం. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, అభ్యర్థుల ప్రస్తుత కాంట్రాక్టులు కూడా ఎక్కువగా జూన్ 30తో ముగుస్తాయి. కొత్త ప్రెసిడెంట్ జులై 1న చేరాలంటే ఏప్రిల్ కల్లా ఎంపిక, మేలో కాంట్రాక్టు పూర్తి కావాలి. వెనక్కి లెక్కపెట్టండి: మార్చి మొదట్లో తొలి ఇంటర్వ్యూలు, ఫిబ్రవరిలో దరఖాస్తుల పరిశీలన, నవంబరు నుంచి జనవరి చివరిదాకా ప్రకటన. అంటే బోర్డు సెప్టెంబరులోనే కూర్చోవాలి. జనవరిలో మేలుకున్న బోర్డుకి మే నెలలో దొరికేది, అప్పటికే వేరేచోట్ల ఆఖరి రౌండ్లో ఆగిపోయినవాళ్ళు. అంత ఆలస్యమైనప్పుడు ఏడాదికి ఇంటరిమ్ (తాత్కాలిక) ప్రెసిడెంట్‌ని పెట్టుకుని, సెర్చ్‌ని తరువాతి సెప్టెంబరుకి జరపటమే మేలు. ఆ ఇంటరిమ్ శాశ్వత పదవికి దరఖాస్తు పెట్టుకోవచ్చా లేదా అనేది నియమించిన రోజే రాతపూర్వకంగా తేల్చాలి. అది తేల్చకపోతే బయటి అభ్యర్థులు 'సీటు ముందే ఇచ్చేశారు' అనుకుని దూరంగా ఉంటారు. వాళ్ళు రాలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

చాలా డిస్ట్రిక్టుల పాలసీ పుస్తకంలో ప్రెసిడెంట్ ఎంపికకి బీపీ (బోర్డు పాలసీ) 2431 అనే నంబరు ఉంటుంది. వెబ్‌సైట్లో వెతికి చదవండి, మహా అయితే ఒక పేజీ. బోర్డు మొదటి సమావేశంలో ఆ పేజీని పక్కన పెట్టుకుని నాలుగు సంగతులు తేల్చుకోవాలి. అభ్యర్థుల్ని వెతికిపెట్టే కన్సల్టెంట్ ఎవరు, కమిటీలో ఎందరు, కమిటీ ఎన్ని పేర్లు పంపాలి, ఆ పేర్లను వరుసక్రమంలో పంపాలా వద్దా. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. వరుస వద్దు. కమిటీ ఒకటి, రెండు, మూడు అని రాసి పంపాక బోర్డు మూడో పేరు ఎంచుకుంటే, ఆ మనిషి చేరకముందే క్యాంపస్ మొత్తానికి 'మూడో పేరు' అయిపోతారు. ప్రతి పేరుకీ బలాలు, సందేహాలు రాసి పంపితే చాలు.

కన్సల్టెంట్ గురించి రెండు మాటలు. ట్రస్టీల (కాలేజీ బోర్డు సభ్యుల) జాతీయ సంఘం ఏసీసీటీతో పాటు కొన్ని ప్రైవేటు సంస్థలు ఈ పని చేస్తాయి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అడగాల్సినవి: ఇప్పుడు ఇంకా ఎన్ని సెర్చ్‌లు మీ చేతిలో ఉన్నాయి, ఇవే పేర్లు అక్కడా తిరుగుతున్నాయా, మేము తీసుకున్న మనిషి ఏడాదిలోపు వెళ్ళిపోతే మళ్ళీ వెతకటానికి ఫీజు తీసుకుంటారా?

బోర్డు సభ్యులకి ఒక హెచ్చరిక. స్థానిక బోర్డులు బహిరంగంగానే సమావేశం కావాలనే బ్రౌన్ చట్టం ప్రకారం ఏడుగురి బోర్డులో నలుగురు బహిరంగ సమావేశం బయట ఒక విషయాన్ని చర్చించకూడదు. ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి వాట్సాప్ పంపుకుంటూ పోయి నాలుగో మనిషికి చేరినా అది సమావేశం కిందే లెక్క. 'ఊరికే అభిప్రాయం కనుక్కుందామని' పంపిన ఒక మెసేజ్ మొత్తం ఎంపికని కోర్టు మెట్లు ఎక్కించగలదు.

ఇప్పుడు ప్రొఫైల్, అంటే ఎలాంటి మనిషి కావాలో చెప్పే పత్రం. సెప్టెంబరు, అక్టోబరుల్లో క్యాంపస్‌లోనూ ఊళ్ళోనూ వినికిడి సభలు పెడతారు. వచ్చినవాళ్ళంతా మంచి మాటలే చెబుతారు: పారదర్శకత ఉండాలి, దూరదృష్టి ఉండాలి, అందరినీ కలుపుకుపోవాలి. వాటినన్నిటినీ ఏరి నలభై విశేషణాలతో అచ్చు వేస్తే అది ఏ కాలేజీకైనా సరిపోతుంది, కాబట్టి ఎవరినీ ఏరదు. ప్రొఫైల్‌లో ఉండాల్సింది ఈ కాలేజీ రాబోయే మూడేళ్ళలో ఎదుర్కోబోయే ఐదారు సమస్యలు, అంకెలతో సహా. 2018 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర నిధుల ఫార్ములాలో సుమారు 70 శాతం నిధులు విద్యార్థుల సంఖ్యని బట్టి, 20 శాతం ఆర్థిక సహాయం అందుకునే విద్యార్థులని బట్టి, 10 శాతం ఫలితాలని బట్టి వస్తాయి. మన కాలేజీలో సంఖ్య పెరుగుతోందా, తగ్గుతోందా? రిజర్వు (దాచిన నిధి) రెండు నెలల ఖర్చుకి సరిపడా ఉందా? ఖర్చులో సగం తరగతి గది బోధకుల జీతాలకే వెళ్ళాలన్న నిబంధనకి ఎంత దగ్గరలో ఉన్నాం? అక్రెడిటేషన్ (కాలేజీ ప్రమాణాలకి గుర్తింపు) ఏడేళ్ళ చక్రంలో తనిఖీ బృందం వచ్చే ఏడాది ఏది? బాండ్ డబ్బులో ఇంకా కట్టని భవనాలు ఎన్ని?

ఇవి రాసి ఉంటే దరఖాస్తులు చదివే చూపే మారిపోతుంది. ఒక ఉదాహరణ. సాన్ మటేయో డిస్ట్రిక్టు లాంటివి కొన్ని స్థానిక ఆస్తిపన్నుతోనే నడుస్తాయి. అక్కడ విద్యార్థులు తగ్గినంత మాత్రాన ఆదాయం వెంటనే పడిపోదు. అలాంటి చోట పదేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసిన మనిషి, విద్యార్థులు తగ్గితే నిధులూ తగ్గే కాలేజీలో బడ్జెట్ కోయటం ఎప్పుడూ చేసి ఉండకపోవచ్చు. ఆ మనిషి పనికిరారని కాదు. కానీ ఆ ప్రశ్న అడగాలని కమిటీకి గుర్తుచేసేది ప్రొఫైలే.

అర్హతల దగ్గర ఇంకో చిక్కు. రాష్ట్ర నిబంధన అడిగేది మాస్టర్స్ డిగ్రీ, పనికి సంబంధించిన ఏడాది నాయకత్వ అనుభవం లేదా శిక్షణ. దానికి తోడు వేర్వేరు నేపథ్యాల విద్యార్థుల పట్ల అవగాహన చూపించాలి. డాక్టరేట్‌ని 'ఉంటే మంచిది' అని రాయటం వేరు, 'తప్పనిసరి' అని రాయటం వేరు. తప్పనిసరి అని ఒకసారి అచ్చయ్యాక అది లేని మంచి అభ్యర్థిని కమిటీ తలకిందులైనా ముందుకి పంపలేదు. జీతం శ్రేణిని కూడా ప్రకటనలోనే చెప్పాలి.

కమిటీ సాధారణంగా పన్నెండు నుంచి పద్దెనిమిది మంది. ఫ్యాకల్టీ పేర్లు అకడమిక్ సెనేట్ (అధ్యాపకుల ప్రతినిధి సభ) నుంచి, సిబ్బంది పేర్లు యూనియన్ నుంచి, విద్యార్థులవి స్టూడెంట్ గవర్నమెంట్ నుంచి రావాలి. వాళ్ళని బోర్డు తనే ఏరుకుంటే సగం క్యాంపస్ మొదటి రోజే అలుగుతుంది. విద్యార్థి సభ్యుల్ని అలంకారానికి పెట్టుకున్నట్టు చూడకండి. బోర్డులో ఉండే స్టూడెంట్ ట్రస్టీకి రహస్య సమావేశంలోకి ప్రవేశం లేదు, కాబట్టి ఎంపికలో విద్యార్థి గొంతు లోపలిదాకా వినిపించేది ఈ కమిటీలోనే. ఊరివాళ్ళకి ఒకటో రెండో సీట్లు ఉంటాయి. నియామకాల్లో సమాన అవకాశాల గురించిన శిక్షణ సభ్యులందరికీ తప్పనిసరి, అది పూర్తి చేయనివాళ్ళు దరఖాస్తు ముట్టుకోకూడదు.

దరఖాస్తు అంటే ఐదు పేజీలకి మించని లేఖ, రెజ్యూమె, ఎనిమిది మంది దాకా రెఫరెన్సుల పేర్లు. ఆ లేఖ ప్రొఫైల్‌లోని సమస్యలకి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి. మార్కులు ఇచ్చేటప్పుడు ఒక్కో సమస్యకి సున్నా నుంచి నాలుగు: ఊసే లేకపోతే సున్నా, అభిప్రాయం మాత్రమే ఉంటే ఒకటి, చేసిన పని చెబితే రెండు, ఫలితం కూడా చెబితే మూడు, ఆ ఫలితంలో తన వాటా ఎంతో విడదీసి చెబితే నాలుగు. 'మా నాయకత్వంలో ఉత్తీర్ణత పెరిగింది' అన్న వాక్యానికి నా లెక్కలో రెండు కూడా రావు. ఎంత నుంచి ఎంతకి, ఏ సబ్జెక్టులో, ఎవరు చేశారు? సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులు వేసి, ఆ తరువాతే కలవాలి. అభ్యర్థుల పేర్లు ఎవరికి వాళ్ళు గూగుల్‌లో వెతకటం మానాలి, ఎందుకంటే ఒకరు చూసిన పుకారుకి జవాబు చెప్పుకునే అవకాశం అభ్యర్థికి ఉండదు.

తొలి ఇంటర్వ్యూకి ఎనిమిది నుంచి పది మంది, రోజుకి ఐదుగురికి మించకుండా. ఒక్కొక్కరికి 75 నిమిషాలు, అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో, ఎనిమిదో తొమ్మిదో. 'మీ నాయకత్వ శైలి ఏమిటి' అని అడిగితే బట్టీ పట్టిన జవాబు వస్తుంది. ఇలా అడిగి చూడండి: "గత ఐదేళ్ళలో మీరు మూసేసిన లేదా కుదించిన ఒక ప్రోగ్రాం చెప్పండి. సెనేట్‌కి ఆ మాట మొదట ఎప్పుడు చెప్పారు? అందులో చదువుతున్న విద్యార్థులు ఏమయ్యారు? మిగిలిన డబ్బు ఎటు వెళ్ళింది?" నిజంగా ఆ పని చేసిన మనిషికి తేదీలు, మనుషులు గుర్తుంటాయి. చేయని మనిషి సూత్రాలు చెబుతారు.

అడగకూడనివీ ఉన్నాయి. ఏ దేశం, ఏ మతం, పెళ్ళయిందా, పిల్లలున్నారా, వయసెంత. మనం పలకరింపుగా అడిగే 'మీదే ఊరు' కూడా అక్కడ పనికిరాదు. పాత జీతం ఎంత అని అడగటం 2018 నుంచి చట్టవిరుద్ధం. నేర చరిత్ర గురించి షరతులతో కూడిన ఆఫర్ ఇచ్చాకే అడగవచ్చు.

ఆఖరి రౌండ్‌కి ముగ్గురి నుంచి ఐదుగురి పేర్లు. ఇవి బయటపడే ముందు ప్రతి అభ్యర్థికీ తమ బోర్డుకి చెప్పుకోవటానికి రెండు మూడు రోజులైనా వ్యవధి ఇవ్వాలి. తమ ప్రెసిడెంట్ వెళ్ళిపోవాలని చూస్తున్నారని అక్కడివాళ్ళు పత్రికలో చదివితే, అభ్యర్థి వెనక్కి తగ్గుతారు. బహిరంగ సభలో ఒక్కొక్కరికి గంట, ఒకే నిర్వాహకుడు. రికార్డింగులు ఆఖరి అభ్యర్థి సభ అయ్యాకే పెట్టాలి, లేకపోతే మూడో మనిషికి ప్రశ్నపత్రం ముందే దొరికినట్టు. అభిప్రాయ పత్రంలో బలాలు, సందేహాలు అడగండి, 'ఎవరు కావాలి' అని ఓటు అడగకండి. ఓటు అడిగితే మంది ఎక్కువున్న వర్గం బస్సు కట్టుకుని వస్తుంది.

ఫ్రిస్కో, ప్లేనో వైపు బంధువులున్నవాళ్ళు ఇది వాళ్ళకి చెప్పండి. టెక్సస్‌లో దరఖాస్తుదారుల పేర్లు గోప్యం. తుది నిర్ణయానికి కనీసం 21 రోజుల ముందు ఆఖరి రౌండ్ పేర్లు ప్రకటించాలి, కానీ తరచు ప్రకటించేది ఒక్క పేరే. అక్కడ ఊరివాళ్ళు మాట్లాడదలచుకుంటే వినికిడి సభల్లోనే మాట్లాడాలి, ఆ తరువాత చోటు ఉండదు.

ఇక రెఫరెన్సులు. చాలా బోర్డులు తేలిగ్గా తీసుకునే పని ఇదే. అభ్యర్థి ఇచ్చిన జాబితాతో మొదలుపెట్టి, అభ్యర్థి అనుమతితో జాబితాలో లేనివాళ్ళకి కూడా ఫోన్ చేయాలి: ఇప్పటి సెనేట్ అధ్యక్షులు, యూనియన్ నాయకులు, బడ్జెట్ చూసేవాళ్ళు, అంతకుముందు కాలేజీలో పైఅధికారి. ఒక్కొక్కరికి అరగంట. 'మంచివారేనా' అని అడిగితే 'మంచివారే' అంటారు. "వీరు వెళ్ళిపోతే మీ కాలేజీలో ఏ పని ఆగిపోతుంది? ఎవరు ఊపిరి పీల్చుకుంటారు? ఎందుకు?" అని అడగండి. కాగితాలు కూడా చదవాలి. అక్కడి బోర్డు మినిట్స్, వార్షిక ఆడిట్, అక్రెడిటేషన్ నివేదికలు, కాలిఫోర్నియా వాళ్ళైతే సీసీఎఫ్ఎస్-311 ఆర్థిక నివేదిక, అన్నీ ఎవరైనా చూడగలిగినవే. ఫ్యాకల్టీ అవిశ్వాస తీర్మానం కనబడితే దానితోనే పేరు కొట్టేయకండి, దేని మీద వచ్చిందో చూడండి. లోటు బడ్జెట్‌ని సరిదిద్దబోయి తిట్లు తిన్నవాళ్ళు ఉంటారు, సంప్రదించకుండా ఉత్తర్వులు ఇచ్చి తిట్లు తిన్నవాళ్ళూ ఉంటారు.

ఆఖరి రౌండ్‌లో ఎవరూ సరిపోకపోతే సెర్చ్‌ని మళ్ళీ తెరవటమే సరైన పని. ఏడాది ఇంటరిమ్‌తో నడపటం, తప్పు మనిషిని సాగనంపటం కన్నా చాలా చవక. కాంట్రాక్టు నాలుగేళ్ళకి మించకూడదు. మధ్యలో తెంచుకుంటే మిగిలిన నెలల జీతం, గరిష్ఠంగా 18 నెలలది, నగదుగా చెల్లించాల్సి రావచ్చు. పొడిగించటం ఇష్టం లేకపోతే గడువుకి ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తేదీ మరచిపోయిన బోర్డు చిక్కుల్లో పడుతుంది.

నియామకం మీద ఓటు బహిరంగంగా, మామూలు సమావేశంలోనే జరగాలి. జీతభత్యాల కోసం ప్రత్యేక సమావేశం పిలవటానికి వీల్లేదు, ఓటుకి ముందు వాటి సారాంశాన్ని నోటితో చదివి వినిపించాలి. ఎజెండా 72 గంటల ముందు వెబ్‌సైట్లో ఉంటుంది. కాంట్రాక్టుని దానితో జతచేశారో లేదో చూడండి, మొదటి ఏడాది లక్ష్యాలు, వాటిని మదింపు చేసే నెల అందులో రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ రోజు పబ్లిక్ కామెంట్‌కి పేరు ఇచ్చి, మీకిచ్చే రెండు మూడు నిమిషాల్లో అది అడగండి.