రూబార్బ్: ఏ దుబ్బును చీల్చాలి?

సుధ: అందరికీ నమస్కారం. ఈ రోజు రూబార్బ్, అంటే తినే కాడల కోసం పెంచే మొక్క, దాని దుబ్బు చీల్చడం గురించి. మొక్క నిద్రలో ఉన్నప్పుడు తవ్వి తీయాలి. పదునైన కత్తితో, ప్రతి ముక్కకీ కనీసం ఒక లావుపాటి మొగ్గ, దాని కింద మంచి వేరు వచ్చేలా కోయాలి. మొగ్గ నేల మట్టానికి ఉండేలా నాటాలి. మొదటి ఏడాది కాడలు కోయొద్దు. అంతే, పెద్ద పనేం కాదు.

మురళి: అక్కా, ఏ దుబ్బును చీల్చాలో మీరు చెప్పలేదు.

సుధ: బాగా పెరిగినదాన్ని.

మురళి: నా పేచీ అక్కడే. నా కుళాయి పక్క దుబ్బు ఉంది కదా...

సుధ: మళ్లీ కుళాయి పక్కదేనా!

మురళి: అదే. నిన్న ఆకు కోసి వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాను. లేత పసుపు మచ్చలు, అక్కడక్కడా ఉంగరాల్లా గీతలు. వైరస్ తెగులు లక్షణాలే. పోయినేడాది ఎండల్లో ఆకులన్నీ పచ్చగా కనిపించాయి. ఆ నమ్మకంతోనే చలికాలంలో చీల్చి నలుగురికి పంచాను.

సుధ: అందుకే విత్తనం వేయమని మొత్తుకుంటాను.

మురళి: విత్తనం వేస్తే తల్లి పోలిక రాదు కదా అక్కా. ఒక్కో మొలకా ఒక్కో తీరు. అదే కాడ, అదే రంగు కావాలంటే చీల్చాల్సిందే. కానీ చీలిస్తే వైరస్ కూడా ముక్కముక్కకీ వెళ్తుంది.

సుధ: వైరస్‌ని మోసే పేనుబంకకి, అదే ఆకుల రసం పీల్చే చిన్న పురుగుకి, మందు కొడితే సరి. నేను కొడతాను, నా మొక్కలు బాగానే ఉన్నాయి.

మురళి: బాగున్నట్టు కనిపిస్తున్నాయి, అంతే. టర్నిప్ మొజాయిక్ వైరస్‌ని మోసేది పేనుబంకే, నిజమే. కానీ అది ఆకు మీద వాలి, ముక్కు గుచ్చి రుచి చూసిన కొన్ని సెకన్లలోనే వైరస్ ఎక్కిస్తుంది. మందుకి అది చచ్చేలోపే పని అయిపోతుంది.

సుధ: అయితే మందు దండగంటావా?

మురళి: పురుగు తగ్గుతుంది. ఈ వైరస్ మాత్రం ఆగదు. సోకిన మొక్కకి వైద్యం లేదు, పీకేయాలి. అరబిస్ మొజాయిక్ అనే ఇంకో వైరస్‌ అయితే మట్టిలోని నులిపురుగులు మోస్తాయి. పీకిన గుంతలోనే కొత్తది నాటితే మళ్లీ సోకే ప్రమాదం ఉంది.

సుధ: విత్తనమైతే ఈ బాధే...

మురళి: ఈ నులిపురుగులు మోసే వైరస్‌లు కొన్ని మొక్కల్లో గింజ ద్వారా కూడా వస్తాయి అక్కా.

సుధ: (కాస్త ఆగి) అది నాకు తెలీదు. మరి శుభ్రమైన మొక్క ఎలా పుడుతుంది?

మురళి: నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. మొగ్గ కొసన కొత్త కణాలు పుట్టే చోటికి వైరస్ తరచుగా చేరలేదు. 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు డాలియా మొక్కల్లో ఆ కొసను తీసి పెంచి, వైరస్ లేని మొక్కలు సాధించారు. మైక్రోస్కోప్ కింద అర మిల్లీమీటరుకి మించని ముక్క కోస్తారు. పెద్దది కోస్తే వైరస్ కూడా వచ్చేస్తుంది, మరీ చిన్నదైతే బతకదు. అలా పెంచిన మొక్కల్ని మళ్లీ పరీక్షించి, శుభ్రమైనవాటినే తల్లి మొక్కలుగా ఉంచుతారు.

సుధ: ఇక దానికి తెగులు రాదా?

మురళి: వస్తుంది. శుభ్రంగా మొదలైందంతే, రక్షణ కవచమేం ఉండదు. పాత తోటకి దూరంగా నాటాలి.

సుధ: ఆ నలుగురికీ చెప్పావా?

మురళి: ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకరు, "మా తోటలో అన్నిటికంటే బాగా పెరిగింది అదే, ఈసారి చీల్చి మా వాళ్లకీ ఇద్దామనుకుంటున్నాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

సుధ: మిగతా ఇద్దరు?

మురళి: ఇంకా చేయలేదు.

సుధ: ఇప్పుడే చెయ్యి. మైకు ఆపేస్తున్నాను.